గిటార్ బాడీలో రూటర్ తప్పు గుంట కొడితే అదే చెక్కతో పూడ్చడం ఎలా

రూటర్ (తిరిగే బిట్టుతో చెక్కలో గుంటలు తీసే కరెంటు మిషన్) చేతిలో ఉన్నప్పుడు తప్పు జరిగిన సంగతి కంటికంటే ముందు చెవికి తెలుస్తుంది. ఒకే శ్రుతిలో తిరుగుతున్న మోటారు ఒక్కసారి బొంగురుపోతుంది, చేతికి చిన్న కుదుపు తగులుతుంది. మిషన్ ఎత్తి చూస్తే పికప్ (తీగల కదలికను పట్టే భాగం) కోసం గీసుకున్న గీతకు అవతల, ఉండకూడని చోట, చిటికెన వేలు పట్టేంత గుంట ఉంటుంది.

నాకు ఇది శ్రీకాకుళంలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో జరిగింది. ఆ చెక్క బజారులో కొన్నది కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానం మీద పడ్డప్పుడు, కవిటి దగ్గర మా అమ్మమ్మగారి పెరట్లో కూలిపోయిన పనస చెట్టు అది. ఊరంతా కొబ్బరి చెట్లు, జీడి చెట్లు నేలకొరిగిన రోజుల్లో ఆ పనస దుంగను వంటచెరుకు చేయనివ్వకుండా మామయ్య దాచారు. మిల్లులో రెండంగుళాల పలకలుగా కోయించి, పలకకీ పలకకీ మధ్య పుల్లలు పెట్టి, ఎండ నేరుగా తగలని చోట నాలుగేళ్లు ఆరబెట్టాం. అలాంటి చెక్కలో గుంట పడింది. ఇంకో పలక దొరకొచ్చు గానీ ఆ చెట్టు దొరకదు కదా. అందుకే లప్పం పెట్టి పైన రంగు కొట్టేయమని చెప్పినవాళ్ల మాట వినకుండా, అదే చెట్టు ముక్కతో పూడ్చాను. ఎలా చేశానో, మీరు ఎలా చేయాలో వివరంగా రాస్తున్నాను. మీ బాడీ టేకుదైనా, మామిడిదైనా పద్ధతి ఇదే.

మొట్టమొదట మిషన్ ఆపండి

స్విచ్ ఆపి, బిట్టు పూర్తిగా ఆగేదాకా మిషన్ ఎత్తకండి. తిరుగుతున్న బిట్టును కంగారుగా పైకి లాగితే రెండో గాయం అప్పుడే పడుతుంది. ఆగాక ప్లగ్గు పీకండి. చుట్టూ పడిన పొట్టునీ, లేచిపోయిన చెక్క పెచ్చులనీ ఊడ్చేయకుండా ఒక కవరులో వేసి పెట్టుకోండి. పెచ్చు మొత్తంగా ఊడి ఉంటే దాన్నే తిరిగి అతికించవచ్చు. అతుకు కనపడనే కనపడదు. అంత అదృష్టం అరుదు, అయినా వెతకండి.

ఆ రోజు ఇంక కోత పెట్టకండి. "మిగతాది పూర్తిచేసి తర్వాత చూద్దాం" అనిపిస్తుంది. టెన్షన్‌లో ఉన్న చేతితో రూటర్ పట్టుకోకూడదు. మా వీధి చివర ఉండే మేస్త్రి గారిని పిలిస్తే వచ్చి చూసి, "ఈవేళ్టికి ఒగ్గేయ్ బాబూ, రేపు పొద్దున్న చూద్దాం" అన్నారు. ఆయన చెప్పిన వాటిలో నాకు ఎక్కువ పనికొచ్చింది అదే.

ఎందుకు జరిగిందో తేల్చుకోండి

ఇది తేల్చకుండా పూడిస్తే, పూడ్చిన చోటే మళ్లీ తప్పు కోత పడుతుంది. గిటార్ పనిలో సాధారణంగా కారణాలు మూడు.

ఒకటి, బేరింగ్ టెంప్లేట్‌కి తగలకపోవడం. నా తప్పు ఇదే. పికప్ గుంట కొట్టడానికి పైన బేరింగ్ ఉన్న బిట్టు వాడతాం. ఆ బేరింగ్, అంటే బిట్టు కాడ మీద తిరిగే చిన్న చక్రం, టెంప్లేట్ (గుంట ఆకారంలో ముందే కోసి బాడీ మీద బిగించే అచ్చు పలక) అంచును రాసుకుంటూ పోవాలి. మొదటి కోత పలచగా ఉండాలని బిట్టును బాగా పైకి పెడితే బేరింగ్ టెంప్లేట్‌కంటే ఎత్తులో ఉండిపోతుంది. అప్పుడు బిట్టును ఆపేది ఏదీ లేదు. టెంప్లేట్‌నీ కోస్తుంది, గీత దాటి బాడీనీ కోస్తుంది. నేను వాడిన టెంప్లేట్ 6 మి.మీ. మందం ఎం.డి.ఎఫ్. (చెక్క పొడి నొక్కి చేసిన పలక). పొడవాటి బిట్టుకి అది చాలదు. 12 మి.మీ.గానీ 18 మి.మీ.గానీ తీసుకోవాలి.

రెండు, కాలెట్ సరిగా బిగించకపోవడం. బిట్టు కాడను పట్టుకునే ఉచ్చు అది. అది వదులుగా ఉన్నా, లోపల పొట్టు పేరుకున్నా, బిట్టు తిరిగే కొద్దీ కిందికి జారుతుంది, గుంట లోతు దానంతట అదే పెరుగుతుంది. వెనక వైపు నుంచి కంట్రోల్ గుంట (వాల్యూమ్ నాబ్, వైర్లు ఉండేది) కొడుతుంటే ముందు వైపుకి కన్నం పడేది ఎక్కువగా ఇలాగే. కాడను చివరిదాకా తోసి, రెండు మూడు మిల్లీమీటర్లు వెనక్కి లాగి బిగించండి.

మూడు, ఒకే దెబ్బలో ఎక్కువ లోతు తీయడం, లేదా తప్పు దిశలో నడపడం. పనసలో నార కొన్నిచోట్ల ఎదురుబొదురుగా అల్లుకుని ఉంటుంది. అలాంటి చోట ఒకేసారి 8, 10 మి.మీ. తీయబోతే బిట్టు చెక్కను కొరికి పక్కకు లాగేస్తుంది.

గుంట ఎక్కడ పడిందో చూడండి

చోటును బట్టి వైద్యం మారుతుంది. పికప్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ రింగు కింద గానీ, గీతలు పడకుండా బాడీ మీద బిగించే పిక్‌గార్డ్ కింద గానీ దాగిపోయే గుంట అయితే పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. స్క్రూ దిగాల్సిన చోటు మాత్రం పూడిస్తే చాలు. అసలు పిక్‌గార్డ్ కొంచెం పెద్దది పెట్టుకుంటే మూసుకుపోతుందేమో కాగితం కత్తిరించి పెట్టి చూడండి. అందులో చిన్నతనం ఏమీ లేదు.

నెక్ (వేళ్లతో తీగలు నొక్కే పొడవాటి కాడ) కూర్చునే పాకెట్‌లో పడితే మాత్రం జాగ్రత్త. 10 నుంచి 46 గేజ్ (అంగుళంలో వెయ్యో వంతుల్లో మందం) తీగలు ఆరూ మామూలు శ్రుతిలో ఉంటే మొత్తం లాగుడు సుమారు 45 కిలోలు. ఆ బరువంతా నెక్, బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనే భాగం) రెండింటి మధ్యే ఉంటుంది. అక్కడ లప్పం, పొట్టు కలిపిన జిగురు వంటివి పనికిరావు. బిగుతుగా కూర్చున్న చెక్క ముక్కే ఉండాలి. బ్రిడ్జ్ స్క్రూలు దిగే చోటుకీ ఇదే మాట.

నాది పై ముఖం మీద, బ్రిడ్జ్ వైపు పికప్ గుంట అంచున పడింది. 22 మి.మీ. పొడవు, 9 మి.మీ. వెడల్పు, 6 మి.మీ. లోతు. ఏ రింగూ మూయదు. రంగు వేయకుండా నూనె పాలిష్‌తో చెక్క కనపడేలా ఉంచాలని నా ఆశ కాబట్టి ఇది అన్నింటికంటే కష్టమైన రకం. ఇది వచ్చేస్తే మిగతావన్నీ వస్తాయి.

శబ్దం పాడవుతుందన్న భయం పెట్టుకోకండి. మన బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో ఇదే పనస దుంగను తొలిచి ఏకాండి వీణ చేస్తారు. అక్కడ కుండ గోడ పలచన, లోపల బోలు, నాదం ఆ కుండలోంచే వస్తుంది. కుండ మీద ఒక గాయమంటే వీణ చేసేవాళ్లకి పెద్ద విషయమే. బోలు లేని ఎలక్ట్రిక్ గిటార్ సంగతి వేరు. తీగ కదలికను పికప్‌లోని అయస్కాంతం, తీగచుట్ట కలిసి కరెంటుగా మారుస్తాయి. పికప్ కోసం మనమే 19 మి.మీ. లోతున అంత పెద్ద గుంట తవ్వుతున్నాం. పక్కన గట్టిగా అతికిన ఒక చిన్న ముక్క చెవికి తెలియదు.

అతుకు ముక్కను ఎంచుకోవడం

మొత్తం పనిలో ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి. మంచి ముక్క దొరికితే సగం పని అయిపోయినట్టే.

బాడీ ఆకారం కోసినప్పుడు పడిన ముక్కలను పారేయకుండా ఉంచారని అనుకుంటున్నాను. గుంటకు దగ్గరగా ఉన్న చోటునుంచి వచ్చిన ముక్కలో నార, రంగు బాగా కలుస్తాయి. చేవ భాగంలో గుంట పడితే చేవ ముక్కే కావాలి. పనసలో చేవ పసుపు, బయటి తెల్ల చెక్క పాలిపోయి ఉంటుంది. రెండూ కలవవు. ముక్కను గుంట పక్కన పెట్టి, తడి గుడ్డతో రెండింటినీ తుడిచి చూడండి. తడిసినప్పుడు కనిపించే రంగే పాలిష్ తర్వాత వచ్చే రంగుకి దగ్గర.

నార దిశ తప్పకూడదు. బాడీలో నార నెక్ నుంచి బెల్టు తగిలించే కింది బొత్తాం వైపు పోతుంటే, ముక్కలోనూ అలాగే పోవాలి. చాలామంది ఇక్కడే పొరపడతారు. గుండ్రటి కన్నం కదా అని గుండ్రటి కడ్డీ ముక్క దిగ్గొడతారు. కడ్డీ పైభాగం అడ్డకోత ముఖం, అంటే నార పైకి నిలబడి ఉంటుంది. పాలిష్ పెట్టగానే అది నూనెను ఎక్కువ తాగి నల్లటి చుక్కలా నిలిచిపోతుంది. జిగురు కూడా అడ్డకోత ముఖం మీద బాగా పట్టదు.

ఒక సంగతి ముందే చెబుతాను, లేకపోతే మీరు నిరాశ పడతారు. పనసను కొత్తగా కోస్తే మంచి పసుపులో ఉంటుంది, వెలుతురు తగిలే కొద్దీ బంగారు గోధుమ రంగుకి మారుతుంది. బాడీ రెండు నెలల క్రితం కోసినదైతే, ఇవాళ కోసిన ముక్క పక్కన పెట్టగానే కొట్టొచ్చినట్టు కనపడుతుంది. దాన్ని చూసి ముక్క మార్చకండి. రంగు కాకుండా నార, చేవ చూసి ఎంచుకోండి. రంగు సంగతి ఎండ చూసుకుంటుంది.

ముక్క ముందు, గుంట తర్వాత

గుంటకు సరిపడా ముక్క చేద్దామనుకుంటే వంకర గుంటకు వంకర ముక్క ఎప్పటికీ కుదరదు. ముక్కను ముందు చేసి, దానికి సరిపోయేలా గుంటను పెంచాలి.

ముక్క ఆకారం మామిడాకులా ఉండాలి. మధ్యలో వెడల్పు, రెండు చివర్లూ మొన తేలి, పొడవు నార వెంట. చతురస్రంగా కోస్తే నారకు అడ్డంగా పోయే రెండు గీతలూ ఎంత బాగా చేసినా కంటికి తగులుతాయి. ఆకు ఆకారంలో అంచులన్నీ నార వెంట ఏటవాలుగా పోతాయి కాబట్టి గీతల్లో కలిసిపోతాయి. నా గుంట 22 మి.మీ. పొడవైతే, ముక్క 60 మి.మీ. పొడవు, 14 మి.మీ. వెడల్పు చేశాను. చిన్న గాయానికి అంత పెద్ద ముక్క ఎందుకని అనిపించింది. పొడవు పెరిగే కొద్దీ అంచు నారకు దగ్గరవుతుంది, అందుకే పెంచాను.

మందం 10 మి.మీ. పెట్టండి. సన్న పళ్ల రంపంతో కోసి, ఆకురాయితో అంచులు నున్నగా చేయండి. అంచులు నిట్టనిలువుగా కాకుండా, కింది వైపుకి కొద్దిగా సన్నమయ్యేలా, గోలీసోడా బిరడాలా కాకుండా సీసా కార్కులా అనుకోండి, రెండు మూడు డిగ్రీల వాలు ఇవ్వండి. దిగే కొద్దీ బిగుసుకుంటుంది, పై అంచున సందు మిగలదు.

ఇప్పుడు ముక్క సన్నటి కింది ముఖాన్ని గుంట మీద పెట్టి, డబుల్ టేపుతో కదలకుండా చేసి, పదునైన కత్తి మొనతో చుట్టూ గీయండి. పెన్సిల్ వద్దు, పెన్సిల్ గీత మందమే అర మిల్లీమీటరు తప్పు తెస్తుంది. ముందు తేలిగ్గా ఒకసారి, తర్వాత గట్టిగా రెండుసార్లు. నారలో కత్తి తనకు నచ్చిన దారిన పోవాలని చూస్తుంది, పోనివ్వకండి.

లోపలి చెక్కను చిన్న రూటర్ అయిన ట్రిమ్మర్‌తో తీయవచ్చు. గీతకు ఒక మిల్లీమీటరు ఇవతలే ఆగి, లోతు 8 మి.మీ. చేయండి. మళ్లీ రూటర్ పట్టడానికి ధైర్యం చాలకపోతే ఉలి, కొయ్య సుత్తితో మొత్తం చేయవచ్చు. నేను ఉలితోనే చేశాను, గంటన్నర పట్టింది. చివరి మిల్లీమీటరు ఎలాగూ ఉలితోనే తీయాలి. ఉలి చదును వైపు కత్తి గీతలో పెట్టి, సుత్తి లేకుండా అరచేత్తో నొక్కండి. ఉలి పదును చూసుకోండి, చేతి చర్మం మీద కాకుండా కాగితం మీద పరీక్షించండి. కాగితాన్ని చింపకుండా కోయాలి.

ముక్క పెట్టి చూస్తే మొదటిసారి దిగదు. ముక్క అంచులకు మెత్తటి పెన్సిల్ సీసం రుద్ది, గుంటలో పెట్టి తేలిగ్గా తట్టి తీయండి. గుంట గోడ మీద ఎక్కడ నల్ల మచ్చ పడిందో అక్కడ అడ్డం ఉంది. అక్కడ మాత్రమే గీకండి. ఇలా ఆరేడు సార్లు చేయాలి. ముక్క 2 మి.మీ. పైకి నిలబడి ఉండగా చుట్టూ వెలుతురు కనపడకుండా కూర్చుంటే చాలు. ఆ తర్వాత సీసం మరకలు మిగలకుండా సన్నగా గీకేయండి. మిగిలితే అతుకు చుట్టూ నల్లగీత వస్తుంది.

కన్నం అవతలికి పడి ఉంటే ఒక పని అదనం. కంట్రోల్ గుంట లోపలి నుంచి, కన్నం కంటే ప్రతి వైపూ 10 మి.మీ. పెద్దగా, 3 మి.మీ. మందం ఉన్న పలచటి చెక్కను అడుగులా అతికించండి. అది ఆరాక పై నుంచి ఆకు ముక్క వేయండి. కంట్రోల్ గుంట మీద పై చెక్క 5, 6 మి.మీ. మందమే ఉంటుంది. వాల్యూమ్ నాబ్ కాడ పొట్టిదైతే ఈ అడుగు అడ్డురావచ్చు, ముందే కొలుచుకోండి.

జిగురు, ఆ తర్వాత ఓపిక

బిగుతుగా కుదిరిన ముక్కకి మామూలు తెల్ల ఫెవికాల్ ఎస్.హెచ్. చాలు. సందులు ఎక్కువ ఉంటే అరల్డైట్ వంటి ఎపాక్సీ మేలు. టేకు అయితే చెక్కలోనే నూనె ఉంటుంది కాబట్టి అతికించే ముందు అసిటోన్‌తో తుడవండి.

గుంట గోడలకీ, అడుగుకీ, ముక్క అంచులకీ సన్నగా పూయండి. అడుగున ఎక్కువ పోస్తే జిగురు కింద చిక్కుకుని ముక్కను పైకి తోస్తుంది. ముక్క పెట్టి, పైన పాలిథిన్ కాగితం, దానిపైన చదునైన చెక్క దిమ్మ, దానిమీద క్లాంపు. మరీ బలంగా బిగించక్కర్లేదు. పక్కలకు కారిన జిగురును వెంటనే తడి గుడ్డతో రుద్దేస్తే పలచబడి నారలోకి ఇంకిపోతుంది, తర్వాత అక్కడ పాలిష్ పట్టదు. అరగంట ఆగి, జున్నులా గట్టిపడ్డాక ఉలి మొనతో ఎత్తేయండి.

క్లాంపు ఒక రోజు ఉంచండి. వానాకాలంలో మన దగ్గర గాలి తేమకి రెండు రోజులు. క్లాంపు తీశాక వెంటనే చదును చేయాలని చేయి లాగుతుంది. చేయకండి. ఫెవికాల్‌లో నీరు ఉంటుంది. అతుకు చుట్టూ చెక్క ఆ నీటిని తాగి కొద్దిగా ఉబ్బుతుంది. ఉబ్బి ఉన్నప్పుడు చదును చేస్తే, తర్వాత ఆరి కుంగినప్పుడు అతుకు వెంట సన్నటి పల్లం పడుతుంది. పాలిష్ మీద వెలుతురు ఏటవాలుగా పడ్డప్పుడు ఆ పల్లం స్పష్టంగా కనపడుతుంది, అప్పుడు చేసేదేమీ ఉండదు. వారం ఆగండి. నేను పది రోజులు ఆగాను.

చదును చేయడం

పైకి నిలిచిన ముక్కను ముందు ఉలితో, మొనల నుంచి మధ్యకు పోకుండా మధ్య నుంచి మొనల వైపుకు, పొరలు పొరలుగా తీయండి. అర మిల్లీమీటరు మిగిలాక చిన్న చిత్రిక, నాలుక (బ్లేడు) చాలా సన్నగా పెట్టి. నార ఎదురు తిరిగి పెచ్చులు లేస్తుంటే దిశ మార్చండి. రెండు దిశల్లోనూ లేస్తే చిత్రిక పక్కన పెట్టి ఉక్కు స్క్రేపర్‌తో గీకండి. పాతకాలం మేస్త్రులు పగిలిన గాజు అంచుతో గీకేవారు, చేతికి గుడ్డ చుట్టుకుని మీరూ చేయవచ్చు.

ఆఖరుకి ఉప్పు కాగితం. 120తో మొదలుపెట్టి 180, 240, 320. వేళ్లతో నొక్కి రుద్దితే పల్లం పడుతుంది, చెక్క దిమ్మకు చుట్టి రుద్దండి. అతుకు మీదే కాకుండా చుట్టూ జానెడు మేర రుద్దండి. ముక్కుకి మాస్కు తప్పనిసరి. పనస పొట్టు సన్నగా లేచి గొంతులో పడుతుంది.

వెంట్రుకంత సందు ఎక్కడైనా మిగిలితే, అదే చెక్క పొట్టును ఫెవికాల్‌లో కలిపి రుద్దండి. ఫెవిక్విక్ వాడితే తొందరగా అవుతుంది గానీ చెక్క నల్లబడుతుంది. రంగు వేసే బాడీ అయితే పర్వాలేదు, నూనె పాలిష్‌కి వద్దు.

ఇప్పుడు బాడీని మేడ మీద ఎండలో, మరీ మధ్యాహ్నం కాకుండా ఉదయం రెండు గంటలు, తిరగేస్తూ పెట్టండి. రెండు మూడు వారాల్లో కొత్త ముక్క పసుపు తగ్గి చుట్టుపక్కల రంగుకి దగ్గరవుతుంది. మొత్తం ముఖాన్ని ఉప్పు కాగితంతో రుద్ది ఉంటే ఇంకా త్వరగా కలుస్తుంది, ఎందుకంటే రెండూ ఒకేసారి కొత్తగా మొదలవుతాయి.

మళ్లీ కోత

పికప్ గుంట మిగిలిన భాగం ఇంకా తీయాలి కదా. టెంప్లేట్ కొత్తది, 12 మి.మీ. మందంది చేసుకోండి. డబుల్ టేపు ఒక్కదాన్నే నమ్మకండి, కన్నాలు తర్వాత కనపడకుండా పోయే చోట రెండు స్క్రూలు కూడా వేయండి. గుంట లోపలి చెక్కను డ్రిల్లుతో, చదును మొన ఉన్న పెద్ద బిట్టుతో, ముందే చాలావరకు తీసేయండి. రూటర్‌కి అంచులు మాత్రమే మిగలాలి.

ప్లగ్గు పెట్టక ముందు రూటర్‌ను టెంప్లేట్ మీద ఉంచి, బిట్టును చేత్తో తిప్పి, బేరింగ్ మొత్తం టెంప్లేట్ అంచుకు ఆనిందో లేదో కళ్లు దగ్గర పెట్టి చూడండి. ఆనకపోతే బిట్టు దించండి. మొదటి కోత కాస్త లోతు అవుతుందనుకుంటే, డ్రిల్లుతో ముందే తీసిన చెక్క ఆ భారాన్ని తగ్గిస్తుంది. ఆ తర్వాత ఒక్కో కోతకు 3 మి.మీ. మించకండి. గుంట లోపల గడియారం ముల్లు తిరిగే దిశలో నడపండి, బాడీ బయటి అంచు కోసేటప్పుడు దానికి ఎదురు దిశలో. అతుకు దగ్గరికి వచ్చినప్పుడు వేగం పెంచకుండా, ఆగకుండా, ఒకే నడకలో దాటించండి. ఆగితే అక్కడ కాలి నల్లబడుతుంది.

19 మి.మీ. లోతు వచ్చాక పికప్‌ను గుంటలో పెట్టి, చుట్టూ ఒక మిల్లీమీటరు వదులు ఉందో లేదో చూసుకోండి. ఉంటే టెంప్లేట్ విప్పేయవచ్చు.